ఏది తేలిక

రెండు తుపాకులూ అంజన్న భుజాలకే ఎక్కాయి. కుడి భుజానికి వెనక మడమ కట్టెతో చేసినది, ఎడమ భుజానికి నల్ల ప్లాస్టిక్ మడమది. తోట యజమాని అబూ సయీద్ చేతిలో ఖర్జూరం డబ్బా ఒక్కటే ఉంది. రెండో మడి ఎక్కేసరికి అదీ బరువైంది. వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపాడు. అంజన్న అందుకున్నాడు.

ఎరువు బస్తా కానీ, నీళ్ళ మోటారు కానీ, చచ్చిన గొర్రె కానీ, ఆ తోటలో మోయవలసినది ఏదైనా అంజన్న మీదికే వస్తుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్ళు పల్లానికి పోయినట్టు పోతుంది.

తోట సౌదీలో ఖమీస్ ముషైత్ దాటి కొండల్లో ఉంది. రాతిగోడలు కట్టి, గోడకూ గోడకూ నడుమ మట్టి నింపి చేసిన మళ్ళు. కింద దానిమ్మ, పైన అంజీరు, ఆపైన కొండ అంచు. ఆ అంచు అవతలి నుంచి కోతులు వస్తాయి. మన వైపు కోతులు కావు. కుక్క మూతి, బూడిద రంగు జూలు. మగది కూర్చుంటే పొట్టేలంత ఉంటుంది. కాయను ఒక్క కొరుకు కొరికి పారేసి ఇంకో కాయ తెంపుతుంది. ఆకలికి తిన్నా ఇంత కోపం రాదు.

అబూ సయీద్ చిన్నాన్న కొడుకు ఒకడు అభాలో ఉన్నాడు. కొండలెక్కే వయసు దాటిపోయి, తన రెండు రైఫిళ్ళూ పంపాడు. వాడి చూసి ఒకటి ఉంచుకో, రెండోది నేనే వచ్చి తీసుకుంటాను అన్నాడు. రెండూ తలుపు గడియలాగా ఎత్తి, లాగి, తోసి, తూటా తూటాకూ మళ్ళీ బిగించుకునే రకం. రెండూ కొండ వేటకని సన్న గొట్టంతో తేలికగా చేసినవే. అందుకే తేల్చుకోవడం కష్టమైంది.

"ఏది ఖఫీఫ్?" అని అడిగాడు అబూ సయీద్, అంజీరు చెట్టు నీడలో కూర్చుని.

వాళ్ళిద్దరి మధ్య నడిచేది సగం అరబ్బీ, సగం హిందీ. ఖఫీఫ్ అంటే తేలిక. అంజన్నకు ఆ మాట తెలుసు. తెలియనిది, తనను అడగడం. వచ్చిన నాటి నుంచి ఆ మనిషి పని విషయంలో తనను ఏదీ అడిగి ఎరగడు.

"రెండూ ఒక్కటే బాబా."

"ఒక్కటే అయితే రెండు ఎందుకు పంపుతాడు? ఒకటి తీసుకుని అంచు దాకా పోయి రా. తరువాత రెండోది తీసుకుని పోయి రా. అప్పుడు చెప్పు."

అంజన్న కట్టెదాన్ని వేసుకుని ఎక్కాడు. అది వీపుకు అతుక్కుని ఉంది కానీ దాని తోలు పట్టీ సన్నం, మెడ నరం మీద కోసుకుపోతోంది. దిగి వచ్చి నల్లదాన్ని వేసుకుని ఎక్కాడు. దాని పట్టీ వెడల్పు. అడుగు అడుగుకూ మడమ వచ్చి తుంటి ఎముకను తడుతోంది. పైన నిలబడి కిందికి చూస్తే అబూ సయీద్ ఫోను చూసుకుంటున్నాడు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

దిగి వచ్చాక చెప్పేలోపే అబూ సయీద్ లేచి వెనక్కి వచ్చాడు. అంజన్న చొక్కా వీపున రెండు వేళ్ళు ఆనించి, తడి చూసుకుని, ఆ వేళ్ళను అంజన్న చొక్కాకే తుడిచాడు.

"దీనికి చెమట ఎక్కువ పట్టింది," అన్నాడు. "నల్లది బరువు."

రెండోసారి ఎక్కినవాడికి మొదటిసారి అలుపు కూడా ఉంటుందని చెప్పేందుకు అంజన్న దగ్గర అరబ్బీ లేదు. ఉన్నా చెప్పేవాడు కాదు. సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడు కూడా ఎద్దును ఏమీ అడగడు.

"బాబా, నా ఇజాజా," అన్నాడు, సెలవు మాట ఎత్తుతూ.

అబూ సయీద్ కొండ అంచు వైపు గడ్డం ఎత్తాడు. "ముందు అవి పోవాలి. అవి పోతే నువ్వు పో."

"దినం దగ్గరికొచ్చింది."

"బుక్రా చూద్దాం."

బుక్రా అంటే రేపు. అంజన్నకు సెలవు ఇవ్వాలంటే కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, ఫోనులో నాలుగు చోట్ల వేలు పెట్టాలి. అంతే పని. డ్రైవర్ రఫీకి ఇచ్చిననాడు అంజన్న పక్కనే నిలబడి చూశాడు. అబూ సయీద్ కుడిచేత్తో గావా కాఫీ తాగుతూ ఎడమ బొటనవేలితో ఆ పని చేశాడు. గావా చల్లారలేదు.

*

రఫీది రాయచోటి. తోట గేటు పక్కన రేకుల గదిలో ఇద్దరికీ ఒకటే పొయ్యి. సాయంత్రం రఫీ ఉల్లిగడ్డలు కోస్తూ అంజన్న మెడ వైపు చూశాడు.

"ఏందన్నా అది, కాడి కట్టిన ఎద్దు మెడ మాదిరి కమిలింది?"

"కట్టెదాని పట్టీ."

"ఏది ఖఫీఫ్ అని అడిగినాడంట గదా. ఏం చెప్తివి?"

"చెప్పనియ్యలే. చెమట చూసుకొని ఆయనే చెప్పుకున్నడు."

"నన్ను అడిగింటే చెప్పుదును. ఖఫీఫ్ అంటే తేలిక. కఫీల్ అంటే దానికి ఎదురు." రఫీ తన మాటకు తానే నవ్వాడు. అంజన్న నవ్వకపోయేసరికి కత్తి పక్కన పెట్టాడు. "నవ్వులాటకు కాదు, ఒక మాట ఇను. అజ్నబీ చేతిలో, అంటే మనట్లా బయటి దేశమోళ్ళ చేతిలో, తుపాకీ ఉండకూడదు. కాల్చినా అంతే, మోసినా అంతే. కింద రోడ్డు మింద దౌరియా బండి తిరుగుతాంటాది. పోలీసోళ్ళు చూసినారంటే నిన్ను లోపలేస్తారు. ఆయన లైసెన్సు గూడా పాయె."

"ఆయనకు తెల్వదా?"

"తెలీకేం. గ్యాపకం ఉండదు. నీ మింద పెట్టేది ఏదైనా ఆయనకు బస్తానే."

అంజన్న బియ్యం కడిగిన నీళ్ళు బయట పారబోసి వచ్చాడు.

"వదిన ఏడాది దినం, ఆ దశమి ఎప్పుడన్నా?" అన్నాడు రఫీ.

"పెత్తరమాస ముంగటిది. వచ్చే వారం."

"మీ బామ్మర్ది చేస్తే కాదా?"

"నిప్పు ఆయనే వెట్టిండు. పిండం ఆయనే వెట్టిండు. యాడాదిది సుత ఆయనే వెడితే ఇగ నేను మొగన్ని ఎట్లయిన? ఆమెకు పిల్లలా జెల్లలా. నేనొక్కన్నే." బియ్యం గిన్నె పొయ్యి మీద పెట్టి మూత వేశాడు. "పెసర్లు ఆరవోసింది మిద్దె మీద. కోతుల మంద వచ్చింది. కట్టె వట్టుకొని పొయ్యింది. కోతులు మీదికి ఉరికితె ఎనుకకు జరిగింది. జరుగుడే, ఇగ ఆడ మిద్దె లేదు."

రఫీ ఈ మాటలు ఇదివరకు విన్నాడు. ఇవే మాటలు, ఇదే వరస. ఎన్నడూ మధ్యలో ఆపలేదు.

భార్య స్వర్ణ పోయిన కబురు వచ్చిననాడు అబూ సయీద్ ఒకటే అడిగాడు. పూడ్చారా అని. కాల్చారు అని చెప్పాడు అంజన్న. "అయితే ఖలాస్," అన్నాడు అబూ సయీద్. "ఇప్పుడు పోయి ఏం చేస్తావు?" ఆ మధ్యాహ్నం అంజీరు మళ్ళకు నీళ్ళు పెట్టే వంతు. అంజన్న నీళ్ళు పెట్టాడు. స్వర్ణ మంట మీద ఉన్న గంటలో అతను పారతో కాలువ గండి మూస్తున్నాడు.

*

మర్నాడు పొద్దున్నే కోతుల మంద దిగింది. అబూ సయీద్ రాతిగోడ మీద మోచేతులు ఆనించి నల్లదాన్ని అందుకున్నాడు. దూరపు వస్తువును దగ్గర చూపే దుర్భిణికి కన్ను మరీ దగ్గరగా పెట్టాడు. మడమ భుజానికి సరిగ్గా ఆనలేదు. అంజన్న చూస్తూనే ఉన్నాడు. తనకు పని లేని విషయం.

తుపాకి పేలింది. తేలికైన తుపాకి గట్టిగా తంతుంది. దుర్భిణి అంచు వచ్చి అబూ సయీద్ కనుబొమ మీద కొట్టి, చర్మాన్ని నెలవంకలా కోసింది. తూటా ఎక్కడికి పోయిందో తెలియదు. కోతులు అంచు దాకా పరుగెత్తి, ఆగి, వెనక్కి చూశాయి.

రక్తం కంట్లోకి కారుతుంటే అబూ సయీద్ కూలబడ్డాడు. అంజన్న నీళ్ళ సీసాతో కడిగి, తన తలగుడ్డ చింపి కట్టాడు.

"దుర్భిణిని నువ్వు కదిపావు," అన్నాడు అబూ సయీద్. "మోసేటప్పుడు ఎక్కడో గోడకు కొట్టావు."

"లేదు బాబా."

"కొట్టావు."

అంజన్న ముడి ఇంకొంచెం బిగించాడు. అబూ సయీద్ మూలిగాడు. ముడి అలాగే ఉంచాడు.

కిందికి దిగేటప్పుడు అబూ సయీద్ అతని భుజం పట్టుకుని దిగాడు. రెండు తుపాకులు, ఒక మనిషి. ఇంటి అరుగు మీద కూర్చున్నాక అన్నాడు. "రేపు నువ్వు కాల్చు. నాకు మోకాలు బాగాలేదు, ఇప్పుడు కన్ను కూడా పోయింది. రెండింటితో కాల్చి చూడు. ఏది మంచిదో నీకే తెలుస్తుంది."

"అజ్నబీని బాబా. ముట్టుకోవద్దంట."

"ఎవరన్నారు? ఇక్కడ ఎవరు చూస్తారు? తుపాకి నాది, కొండ నాది. కోతులు పోతే ఇజాజా. వల్లాహ్, ఆ రోజే."

ప్రమాణం చేశాడు. అంజన్న ఆ మాటను పట్టుకున్నాడు. మునిగేవాడికి తాడు ఎవరు విసిరారో చూసుకునే తీరిక ఉండదు.

*

మర్నాడు ముందుగా గోడ అవతల ఒక తెల్లరాయికి గురి పెట్టించాడు అబూ సయీద్. కనుబొమ మీద పట్టీతో, నేర్పేవాడి సంబరంతో, వంగి వంగి చెప్పాడు. మడమను భుజం గుంటలోకి లాగి పెట్టు. దవడ కట్టెకు ఆనించు. కన్ను దూరం పెట్టు. సగం ఊపిరి వదిలి పట్టుకో. మీటను లాగకు, పిండు.

కట్టెదాని గడియ వెన్నలా జరిగింది. నల్లదాని గడియ కాస్త గలగలలాడుతుంది కానీ మీట మెత్తన. నల్లదానితో వరసగా కాలిస్తే సన్న గొట్టం సెగ పట్టి గురి పక్కకు పోతోంది. అది చల్లారేదాకా ఆగాలి. కట్టెది తన్నే తన్ను ఎక్కువ. భుజం గుంటలో పిడికిలితో గుద్దినట్టు ఉంది. తెల్లరాయి అంచు రెండుసార్లు ఎగిరింది.

"మాషా అల్లాహ్," అన్నాడు అబూ సయీద్. "హిందీ, నువ్వు పోలీసువి కావలసింది." అక్కడ ఇండియావాడంటే హిందీయే.

మంద ఎండ ఎక్కాక దిగింది. ముందు పెద్ద మగది. కింది నుంచి మూడో మడి గోడ మీదికి దూకి, కూర్చుని, చేతికందిన కాయ తెంపి, కొరికి, పారేసింది. ఇంకోటి తెంపింది.

దుర్భిణిలో దాని ముఖం ఎదురుగా ఉంది. గడ్డం మీద దానిమ్మ రసం. అంజన్న పక్కన ఏముందో, ఎవరున్నారో మరిచిపోయాడు. కొండగట్టు అంజన్న పేరు పెట్టుకున్నవాడు. ఏటా మాల వేసుకుని కాలినడకన గుట్ట ఎక్కినవాడు. నిరుడు పెసర్ల నాటి నుంచి ఆ పేరు తలవలేదు. మిద్దె మీదికి ఉరికింది ఈ ముఖం కాదని తెలుసు. ఆ ముఖం ఇంత పెద్దది కాదు, ఎర్రనిది. తెలిసినా తేడా పడలేదు. సగం ఊపిరి వదిలాడు. మీటను పిండాడు.

మగది గోడ మీంచి వెనక్కి పడింది. వెనక్కే పడింది. అది చూసి అంజన్న గడియ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. మంద అరుస్తూ అంచు ఎక్కింది. ఒకటి మాత్రం సగం దూరం పోయి, తిరిగి వచ్చి, గోడ అవతలికి తొంగి చూసి మళ్ళీ పోయింది.

అతను ఏదో దిగుతుందని ఎదురు చూశాడు. యేడాదిగా గుండెల మీద ఉన్నది ఏదో. ఏమీ దిగలేదు. భుజం నొప్పి పుట్టింది, అంతే.

వెనక అబూ సయీద్ నవ్వుతున్నాడు. ఫోను ఎత్తి పట్టుకుని, దానితో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. ఫోనును అంజన్న ముఖం దగ్గరికి తెచ్చి, తరువాత గోడ వైపు తిప్పి, మళ్ళీ ముఖం దగ్గరికి తెచ్చాడు. గిర్ద్ అన్న మాట అర్థమైంది. కోతి. మిగతాది అర్థం కాలేదు.

"బాబా, అవి పోయినయ్," అన్నాడు అంజన్న. "ఇజాజా."

"ఇజాజా?" అబూ సయీద్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతని వీపు మీద చరిచాడు. ఎంతో ఇష్టంగా చరిచాడు. "నీలాంటి గురి ఉన్నవాణ్ణి ఇప్పుడు పంపితే నా దానిమ్మ ఎవరు కాస్తారు? అవి మళ్ళీ వస్తాయి. కోత అయ్యాక వెళ్ళు. ఎక్కడికి పోతుంది మీ ఊరు?"

"వల్లాహ్ అన్నవ్."

"కోతులన్నీ పోతే అన్నాను. ఒకటే పోయింది." పై మళ్ళ వైపు చూపించాడు. "దాన్ని లాగి లోయలో పడెయ్. వాసన వస్తుంది."

అంజన్న దాని కాళ్ళు పట్టి లాగాడు. పొట్టేలు కంటే బరువుంది. అరచేతులు మనిషి అరచేతుల్లాగే ఉన్నాయి. ఆ చేతుల మీద అతనికి జాలి పుట్టలేదు. పుట్టనందుకు ఎవరి మీదో కోపం వచ్చింది.

*

"నీకు చూపించాల్నా వద్దా అని పొద్దుమూకులా ఆలోచించినా," అన్నాడు రఫీ. అన్నం తినడం అయ్యాక ఫోను ఇచ్చాడు. "మా డ్రైవర్ల గ్రూపులోకి వచ్చింది. యాడినుంచి యాడికి పోయిందో దేవుడికి తెలియాల."

తెర మీద అంజన్న గోడకు ఆనుకుని కాలుస్తున్నాడు. తన ముఖాన్ని అలా తానెప్పుడూ చూసుకోలేదు. పళ్ళు బయటికి ఉన్నాయి. తరువాత గోడ, తరువాత మళ్ళీ ముఖం. మీద అబూ సయీద్ గొంతు.

"ఏమంటున్నడు?"

రఫీ ఫోను తిరిగి తీసుకోబోయాడు. "పోనీలేన్నా."

"చెప్పు తమ్మీ."

"చూడండి, అంటాండాడు. నా హిందీని చూడండి. వీడి పేరు కోతి దేవుడి పేరు. తుపాకీ నేనే ఇచ్చినా, కాల్చమని నేనే చెప్పినా. నేను చెప్తే వాడి దేవుణ్ణి వాడే కాల్చినాడు, అంటాండాడు." రఫీ తల ఎత్తలేదు. "నీ పేరుకు అర్థం ఏందని ఒగసారి అడిగితే నేనే చెప్పినా. మంచి మాటనే అనుకోని చెప్పినా. ఇట్ల చేస్తాడని తెలీదన్నా."

"నీదేం లేదు."

"మింద కామెంట్లు..."

"సదువకు."

రఫీ ఫోను బోర్లించాడు. అంజన్న బయటికి పోయి గేటు దగ్గర నిలబడ్డాడు. అవమానం కంటే వేరే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. అది ఏమిటో తెలుసుకునేందుకు కొంతసేపు పట్టింది. ఆ మీటను పిండింది అబూ సయీద్ చెప్పినందుకు కాదు. ఇజాజా కోసం కూడా కాదు. మిద్దె మీద పెసర్లు, పక్కన ఎవరూ లేని స్వర్ణ, వాటి కోసం పిండాడు. ఆ ఒక్క కోపం అతనిది. చెమట, నిద్ర, నీళ్ళ వంతులు, అన్నీ ఎప్పుడో కఫీల్ పేరు మీదికి పోయాయి. ఇదొక్కటే మిగిలి ఉండింది. నేను చెప్తే చేశాడు అని దాన్ని కూడా తన పేరు మీద రాయించుకున్నాడు.

లోపలికి వచ్చి అడిగాడు. "ఆ వీడియో నీ ఫోన్ల ఉంటదా?"

"ఉంటాది. తీసేస్తా."

"తియ్యకు."

*

అభా నుంచి చిన్నాన్న కొడుకు మధ్యాహ్నం నమాజు తరువాత వస్తాడన్నారు. ఏది ఉంచుకునేదీ అబూ సయీద్ ఇంకా తేల్చుకోలేదు. కట్టెది అందంగా ఉంది. నల్లది వానకు పాడు కాదు. చివరిసారి రెండూ చేత పట్టి చూస్తానని, పై మడి గదిలోంచి ఇంటి అరుగు దగ్గరికి తెమ్మన్నాడు.

అంజన్న రెండు తుపాకుల గడియలూ వెనక్కి లాగి, లోపల వేలు పెట్టి, తూటా లేదని చూసుకున్నాడు. సంచుల్లో పెట్టలేదు. చెరో భుజానికీ వేసుకుని మళ్ళు దిగాడు. అరుగు మీద అబూ సయీద్ గావా పోసుకుంటున్నాడు. అంజన్న అరుగు దాటాడు. గేటు దాటాడు. తోట బాట తారు రోడ్డును కలిసే చోట కల్వర్టు ఉంది. దాని మీద కూర్చుని, రెండు తుపాకులనూ తొడల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. ఎండకు నల్లదాని గొట్టం మెరిసింది.

ముందు రఫీ పరుగెత్తి వచ్చాడు. వెనక అబూ సయీద్, మోకాలు పట్టుకుంటూ.

"లెయ్," అన్నాడు అబూ సయీద్. "ఇది రోడ్డు. ఇక్కడ కాదు."

అంజన్న లేవలేదు. "రఫీ, చెప్పు. ఇజాజా ఇయ్యమను. ఇప్పుడు, ఈడ్నే. లేకుంటె దౌరియా వచ్చేదాక కూసుంట."

రఫీ ముఖం పాలిపోయింది. అబూ సయీద్ వైపు తిరిగి ఏదో మెత్తగా అన్నాడు. అందులో తాబాన్ అన్న మాట అంజన్నకు వినపడింది. అలసిపోయాడని.

"అలిసిపోలే. ఉన్నదున్నట్టు చెప్పు."

"నా పొట్ట గూడా కొట్టాకన్నా," అన్నాడు రఫీ చిన్నగా.

"నీ మాట కాదు గద. నా మాట. నువ్వు మోస్తున్నవ్, అంతే."

రఫీ చెప్పాడు. అబూ సయీద్ ముందు నవ్వాడు. తరువాత రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఒక పికప్ బండి పోతూ పోతూ వేగం తగ్గించింది. లోపలివాడు తల తిప్పి తుపాకుల వైపు చూసి సాగిపోయాడు. అబూ సయీద్ నవ్వు ఆగింది.

"పిచ్చోడా, లోపల పడతావు."

"పడత."

"దొంగతనం చేశావని చెప్తాను. నా ఇంట్లోంచి ఎత్తుకుపోయావని చెప్తాను. చెయ్యి పోతుంది."

ఈసారి రఫీ అనువాదం అక్కర్లేకపోయింది. అంజన్న తనే అన్నాడు, వచ్చిన నాలుగు అరబ్బీ మాటలూ హిందీ మాటలూ కలిపి. "వీడియో ఉన్నది బాబా. తుపాకి నేనే ఇచ్చిన అన్నవ్. కాల్చమని నేనే చెప్పిన అన్నవ్. అందరు విన్నరు. పోలీసు సుత వింటడు."

అబూ సయీద్ రఫీ వైపు చూశాడు. రఫీ తారు వైపు చూశాడు.

ఎయిర్ బేస్ వైపు నుంచి ఒక విమానం కొండల మీదుగా పోయింది. దాని మోత తగ్గేదాకా అబూ సయీద్ తన కనుబొమ మీది పట్టీని వేలితో తడుముకున్నాడు. ఈ మనిషి తన ముందు కూర్చుని ఉండగా తాను నిలబడి ఉండడం అతనికి ఇదే మొదలు. అది అతనికీ తెలిసినట్టుంది.

"నిన్ను కొడుకులా చూశాను," అన్నాడు.

"కొడుకు మీద చెమట తుడుస్తరా," అన్నాడు అంజన్న తెలుగులో. రఫీ దాన్ని మార్చి చెప్పలేదు.

అబూ సయీద్ ఫోను తీశాడు. కళ్ళద్దాలు లేక తెరను దూరం పెట్టి చూశాడు. బొటనవేలు ఒకచోట, ఇంకోచోట. మధ్యలో ఆగి అంజన్న వైపు చూసి, ఏదో తోచినట్టు పెదవి బిగించి, మళ్ళీ నొక్కాడు. మెసేజీ వచ్చి అంజన్న చొక్కా జేబులో ఫోను కదిలింది.

రఫీ తీసి చదివాడు. మళ్ళీ చదివాడు.

"అన్నా, ఇది ఇజాజా కాదు. పోయి మళ్ళా వచ్చే ఖురూజ్ ఔదా కాదిది. ఖురూజ్ నిహాయీ కొట్టినాడు. పొయ్యేదే, మళ్ళా వచ్చేది లేదు."

"ఔదా మాఫీ," అన్నాడు అబూ సయీద్. తిరిగి రావడం లేదు. ఇప్పుడు అతని ముఖంలో కొంచెం రంగు వచ్చింది. "పో. మీ కోతుల దగ్గరికి పో. పనికి మనుషులు దొరకరా నాకు? రేపు పొద్దున నీ గదిలో ఇంకొకడు ఉంటాడు. వేడుకుంటే మారుస్తా."

రఫీ చెయ్యి పట్టుకున్నాడు. "అడుగన్నా. బాబా అని ఒక్క మాట అను. మారుస్తాడు."

అంజన్న ఫోను తీసుకుని తెర మీది అరబ్బీ అక్షరాలను చూశాడు. చదవడం రాదు. దశమిలోపు విమానం ఎక్కనిస్తుందా అని మాత్రం రఫీని అడిగాడు. ఎక్కనిస్తుందని రఫీ అన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"సాలు," అన్నాడు.

లేచి, తుపాకులు రెండింటినీ కల్వర్టు మీద పక్కపక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

అబూ సయీద్ తిరిగి ఇంటి వైపు నడిచాడు. కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు లేదని తెలిసి ఆగాడు. వెనక్కి చూశాడు. తుపాకులు కల్వర్టు మీదే ఉన్నాయి. ఇద్దరు మనుషులూ చేతులు కిందికి వేలాడేసి నిలబడి ఉన్నారు.

"రఫీ," అన్నాడు అబూ సయీద్.

రఫీ అలవాటుగా వంగాడు. అంజన్న అతని మోచెయ్యి పట్టి ఆపాడు.

"ముట్టకు తమ్మీ. అజ్నబీవి."

రోడ్డు మీద ఇంకో బండి చప్పుడు దూరం నుంచి వినిపిస్తోంది. అబూ సయీద్ వెనక్కి వచ్చాడు. ఒక తుపాకిని కుడి భుజానికి వేసుకున్నాడు. రెండోదాని పట్టీ తన పొడుగు అంగీ, తోబు, మెడపట్టీకి చిక్కుకుంటే విడిపించేవాళ్ళు లేక తానే గింజుకుని విడిపించుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా తోట బాట ఎక్కసాగాడు. బాట నిటారుగా లేదు. అయినా మోకాలి దగ్గర ప్రతి అడుగూ తడబడుతోంది. తుపాకుల మడమలు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు కిందికి వినిపిస్తోంది.

అంజన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అతనిలో కోపం చల్లారలేదు. ఒక బొటనవేలితో అయ్యే పనికి ఒక మనిషి చావూ, యేడాదీ, ఒక కోతి చావూ పట్టాయి. అంత సులువైన పని ఇంతకాలం ఎందుకు కాలేదన్న దానికి ఎవరూ జవాబు చెప్పరు. అతను రోడ్డు వైపు తిరిగాడు.

"అన్నా, మొదటి మడి కాడ ఆగినాడు," అన్నాడు రఫీ, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ. "ఒకదాన్ని గోడ మింద పెట్టేసినాడు. ఒకటే ఎత్తుకోని పోతాండాడు. ఈడికి తెలీడం లే, ఏది పెట్టినాడంటావ్? కట్టెదా, నల్లదా?"

"నన్నెందుకు అడుగుతవ్?" అన్నాడు అంజన్న, తల తిప్పకుండానే. "మోసేటోన్ని అడుగు."